కొత్త ట్రక్కులో చిన్న చప్పుళ్లు

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. 14 నెలల క్రితం కొన్న పికప్ ట్రక్కు 19,000 మైళ్లు తిరిగింది. గతుకుల మీద వెనక సీటు వైపు నుంచి టకటకమనీ, చలి ఉదయాల్లో తలుపు దగ్గర కిర్రుమనీ చప్పుళ్లు వస్తున్నాయి. డీలరు దగ్గరకు రెండుసార్లు తీసుకెళ్తే తమకేమీ వినిపించలేదని పంపేశారు. ఇలాంటి వాటికి కంపెనీ బులెటిన్లు ఇస్తుందట. అవి మాకు దొరుకుతాయా? మరమ్మతు ఉచితమేనా?
— ఒక పాఠకుడు

జవాబు: దొరుకుతాయి, వాటిని చూడటానికి డబ్బు కట్టనక్కర్లేదు. అమెరికాలో వాహన కంపెనీలు డీలర్లకు పంపే మరమ్మతు సూచనల (ఇవే బులెటిన్లు) ప్రతులను ‘నిట్సా’ అని పిలిచే జాతీయ రహదారి భద్రతా సంస్థకు కూడా పంపాలి. వాటిని ఇంటర్నెట్‌లో ప్రజలకు అందుబాటులో ఉంచాలని 2012లో వచ్చిన చట్టం ఆ సంస్థను ఆదేశించింది. అయితే ఆ సంస్థ వెబ్‌సైటులో 17 అక్షరాలు, అంకెల విన్ నంబరు (మీ బండి గుర్తింపు సంఖ్య) కొట్టి చూస్తే తెలిసేవి పెండింగులో ఉన్న రీకాల్స్, అంటే భద్రతా లోపం సరిచేయడానికి కంపెనీ బండిని వెనక్కి పిలిచినవి మాత్రమే. ‘ఏమీ లేవు’ అని రాగానే చాలామంది వెతకడం ఆపేస్తారు. బులెటిన్ల కోసం సంవత్సరం, కంపెనీ, మోడలు ఎంచుకుని, ‘మాన్యుఫాక్చరర్ కమ్యూనికేషన్స్’ అనే విభాగాన్ని తెరవాలి. ఫలానా తేదీకి ముందు తయారైన బండ్లకే వర్తిస్తుందని బులెటిన్‌లో ఉంటే, డ్రైవరు తలుపు తెరిచి అంచున ఉన్న స్టిక్కరు మీద తయారీ నెలను సరిచూసుకోండి.

ఉచితమా అంటే, రీకాల్ వేరు, బులెటిన్ వేరు. రీకాల్ భద్రతకు సంబంధించినది, మరమ్మతు ఖర్చు కంపెనీదే. బులెటిన్ మెకానిక్‌కు దారి చూపే కాగితం మాత్రమే. వారంటీ ఉన్నంతకాలం, అదీ ఆ లోపం మీ బండిలో ఉందని డీలరు నిర్ధారించుకున్నాకే ఉచితం. మూడేళ్లు లేదా 36,000 మైళ్ల వారంటీ సాధారణమే అయినా, చప్పుళ్ల సర్దుబాటుకు విడిగా తక్కువ గడువు పెట్టారేమో మీ పుస్తకంలో చూడండి. ఈసారి వెళ్లినప్పుడు బండి వదిలి రాకండి. టెక్నీషియన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చప్పుడు వచ్చే రోడ్డు మీదకే తీసుకెళ్లండి. చలిలో వచ్చేదైతే ముందురాత్రే బండిని అక్కడ ఉంచమనండి. ఏమీ దొరకలేదన్నా సరే, మీ ఫిర్యాదును మీ మాటల్లోనే రిపేర్ ఆర్డరు మీద రాయించి ప్రతి తీసుకోండి. వారంటీ ముగిశాక అదే చప్పుడు ముదిరితే, గడువులోపే చెప్పారనడానికి ఆ కాగితమే సాక్ష్యం.

అంతకన్నా ముందు మీరు చేయదగిన పని ఒకటుంది, నా అనుభవంలో సగం చప్పుళ్లు ఇక్కడే దొరికాయి. బండిని పూర్తిగా ఖాళీ చేయండి: కళ్లద్దాల అర, డోర్ పాకెట్లు, సీట్ల కింద, అన్నీ. తర్వాత వెనక సీటు ఎత్తి చూడండి. చాలా పికప్‌లలో జాకీని అక్కడే, మర తిప్పి బిగించి ఉంచుతారు. ఆ మర కాస్త వదులైతే చేత్తో కదిపినా కదిలినట్టు అనిపించదు గానీ, గతుకు మీద మాత్రం ఇనుము ఇనుముకు తగిలి టకటకమంటుంది. ఒక చుట్టు బిగిస్తే ఆగిపోతుంది. మీరు చెప్పిన వెనక సీటు చప్పుడుకు నా మొదటి అనుమానం దాని మీదే. అది కాకపోతే, ఎవరూ కూర్చోని సీటు బెల్టు బకిల్ ప్లాస్టిక్‌కు తగులుతోందేమో, ట్రక్కు వెనక తొట్టి తలుపు వేసినప్పుడు నంబరు ప్లేటు గలగలమంటోందేమో చూడండి. ప్లేటు వెనక అంటించే చిన్న ఫెల్ట్ ముక్క చాలు.

తలుపు కిర్రుమనడం చాలావరకు రబ్బరు అంచుల పనే. తడిగుడ్డతో తుడిచి ఆరాక సిలికోన్ గ్రీజు పలుచగా రాయండి. మామూలు పెట్రోలియం గ్రీజు రాయకండి, రబ్బరు ఉబ్బి పాడవుతుంది. ఇలాంటివి సొంతంగా చేసుకున్నంత మాత్రాన వారంటీ పోదు; 1975 నాటి మాగ్నసన్-మాస్ చట్టం మీకు ఆ రక్షణ ఇస్తోంది.

ఒక్క హెచ్చరిక. బ్రేకు నొక్కినప్పుడో, స్టీరింగు తిప్పినప్పుడో, వేగంతో పాటు పెరుగుతూనో వచ్చే చప్పుడును చిన్నదిగా చూడకండి. దాన్ని ఇంటి దగ్గర వెతకవద్దు, ఆ రోజే మెకానిక్‌కు చూపించండి.