చెన్నై సిటీ బస్సులో దివ్యాంగులకు తోడుగా వెళ్తే టికెట్ కొనాలా?

నెల్లూరు నుంచి చెన్నైకి మారుతున్నామని, మేధో వైకల్యం ఉన్న తమ్ముణ్ణి బస్సులో తీసుకెళ్లేటప్పుడు మీరు టికెట్ కొనాలా అని అడిగారు.

ఆర్డినరీ బస్సయితే కొనక్కర్లేదు. ఇక్కడ వైట్ బోర్డు బస్సులంటారు. 2021 మేలో ఆడవాళ్లకు ఫ్రీ చేశారు. అదే ఏడాది ట్రాన్స్‌జెండర్లనూ, దివ్యాంగులనూ, వాళ్లకు తోడుగా వచ్చేవాళ్లనూ కలిపారు. డబ్బులు తీసుకోకపోయినా కండక్టర్ సున్నా టికెట్లు ఇస్తాడు, దిగేదాకా పారేయకండి. డీలక్స్, ఎక్స్‌ప్రెస్, ఏసీ బస్సుల్లో ఇది చెల్లదు కాబట్టి ముందు బోర్డు చూసి ఎక్కండి. 2022 నుంచి కొన్ని ఆర్డినరీ బస్సులకు గులాబీ రంగు వేశారు, అవి దూరం నుంచే తెలిసిపోతాయి.

తోడుకు ఫ్రీ అనేది ఆ మనిషి పక్కన ఉన్నంతసేపే. ఇది ఎవరూ ముందు చెప్పరు. పెరంబూరు నుంచి మా అబ్బాయిని స్పెషల్ స్కూల్లో దింపడానికి వెళ్లేటప్పుడు నాకు టికెట్ ఉండదు, ఒక్కణ్ణే తిరిగొచ్చేటప్పుడు కొనాలి. సాయంత్రం వాణ్ణి తీసుకురావడానికి వెళ్లేటప్పుడు మళ్లీ కొనాలి. అదే మా ఆవిడ వెళితే రానూపోనూ అంతా ఫ్రీయే, ఎటూ ఆడవాళ్లకు టికెట్ లేదు కదా. స్కూలు గేటు దగ్గర ఎక్కువగా తల్లులే కనిపించడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం. దింపి వచ్చే తండ్రి గురించి, అన్న గురించి పథకం రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.

ఇక బస్సులో చూపించే కార్డు సంగతి. యూడీఐడీ, అంటే కేంద్రం ఇచ్చే దివ్యాంగుల గుర్తింపు కార్డు, దేశమంతా చెల్లుతుంది. మేం దాన్ని మా అబ్బాయి మెడలోనే వేస్తాం, రద్దీలో బ్యాగు వెతుక్కునే టెన్షన్ ఉండదు. "చూడ్డానికి బాగానే ఉన్నాడుగా" అని పక్క సీటువాళ్లు గొణగడం కూడా కాస్త తగ్గింది.

ఊరికి రైల్లో వెళ్తే లెక్క వేరు. అక్కడ ఫ్రీ కాదు, రాయితీ. తోడు లేకుండా ప్రయాణం చేయలేని మీ తమ్ముడిలాంటివాళ్లకు స్లీపర్‌లో 75 శాతం తగ్గిస్తారు, వెంట వచ్చే ఒక్కరికీ అంతే. సీజన్ టికెట్టయితే సగం. దీనికి ప్రభుత్వ డాక్టరు రైల్వే ఫారంలో సర్టిఫికెట్ ఇవ్వాలి. దాంతో రైల్వే కార్డు తీసుకుంటే ఆన్‌లైన్‌లోనే ఇద్దరికీ బుక్ చేసుకోవచ్చు.

మీ దగ్గర సదరం (ఆంధ్రాలో ఇచ్చే వైకల్య) సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే యూడీఐడీ, రైల్వే ఫారం రెండూ నెల్లూరులో ఉండగానే పూర్తి చేసుకోండి. ఇక్కడికొచ్చాక ఆసుపత్రిలో మీ తమ్ముడి కథంతా తమిళంలో మొదట్నుంచీ చెప్పుకోవాలి.