కాగితాలు చదివే ఓపిక ఉంటే రా

ప్రియమైన చెల్లెమ్మకు,

నీ ఉత్తరం, దాంతోపాటు పంపిన కాంట్రాక్టుల కథనం చదివాను. పేపర్లు ఒక్కొక్కటీ మూతపడుతున్న రోజుల్లో పరిశోధనాత్మక జర్నలిజంలోకి రావొచ్చా అని అడిగావు. తప్పకుండా రా. అయితే ఈ పనికి డబ్బు ఎక్కణ్నుంచి వచ్చేదో, ఇప్పుడు ఎక్కణ్నుంచి వస్తోందో తెలుసుకుని రా.

పాఠకుడు ఇచ్చే పేపరు ధరతో పత్రిక ఎప్పుడూ గడవలేదు. ప్రకటనలమీదే బతికింది. అద్దె ఇళ్లు, ఉద్యోగాలు, పాత కార్ల అమ్మకాలతో నిండిన ఆ చిన్న అక్షరాల క్లాసిఫైడ్స్ పేజీలే, నెలల తరబడి ఒకే విషయం వెంట తిరిగే విలేకరికి జీతం ఇచ్చాయి. ఆ ప్రకటనలు ఉచిత సైట్లకు వెళ్లిపోయాయి. పెద్ద ప్రకటనల్లో సింహభాగం గూగుల్, ఫేస్‌బుక్‌ల చేతికి పోయింది. అమెరికాలో 1859 నుంచి వస్తున్న రాకీ మౌంటెన్ న్యూస్ 2009 ఫిబ్రవరిలో ఆగిపోయింది. మరుసటి నెలలోనే సియాటిల్ పోస్ట్-ఇంటెలిజెన్సర్ అచ్చు మానేసి వెబ్‌సైట్‌గా మిగిలింది. ఇలా ఖర్చు తగ్గించుకునే ప్రతి చోటా యాజమాన్యం చూపు ముందుగా పడేది ఈ నెల ఒక్క స్టోరీ కూడా ఇవ్వని విలేకరి మీదే. పరిశోధన చేసేవాళ్లు ఎప్పుడూ అలాగే కనిపిస్తారు.

కొత్త దారులు లేకపోలేదు. విరాళాలతో నడిచే అమెరికా వార్తాసంస్థ ప్రోపబ్లికా 2010లో పత్రికా రంగంలో పెద్ద అవార్డు అయిన పులిట్జర్ గెలుచుకుంది. ఫ్రాన్స్‌లో 2008లో మొదలైన వార్తల సైటు మీడియాపార్ట్ ప్రకటనలే తీసుకోదు, చందాదారుల డబ్బుతోనే నడుస్తుంది. పన్ను ఎగవేతల మీద పోరాడాల్సిన బడ్జెట్ మంత్రి కాయుజాక్‌కే విదేశాల్లో రహస్య ఖాతా ఉందని 2012 డిసెంబరులో బయటపెట్టింది ఆ సైటే. ఆయన అలాంటి ఖాతా ఏదీ లేదని పార్లమెంటులోనే చెప్పాడు. 2013 మార్చిలో పదవి వదులుకున్నాడు, తర్వాత ఒప్పుకున్నాడు. నన్నడిగితే ఉన్నవాటిలో చందా పద్ధతే మేలు, ఎందుకంటే దాతకూ ఇష్టాయిష్టాలుంటాయి. కాకపోతే చందా కట్టలేని వాళ్లకు సంబంధించిన కథనాన్ని తాళం వేసి దాచకూడదు. నువ్వు ఎక్కడ పనిచేసినా ఆ మాట ఎడిటర్‌తో గట్టిగా చెప్పు.

ఇక అసలు పని. దీని గురించి సినిమాల్లో చూపించేదంతా చీకట్లో కలిసే సోర్సులు, గుసగుసలు. నిజానికి ఎక్కువ సమయం ఎవరూ చదవని కాగితాలు చదవడానికే పోతుంది. అమెరికాలోని బోస్టన్ గ్లోబ్ పత్రిక పరిశోధన విభాగం, స్పాట్‌లైట్ బృందం, క్యాథలిక్ చర్చిలో పిల్లలపై జరిగిన లైంగిక అత్యాచారాలను ఎలా తవ్వి తీసిందో చూడు. చర్చి తానే ఏటా అచ్చువేసే డైరెక్టరీలను వాళ్లు ముందేసుకున్నారు. ఏ ఫాదర్ ఏ ఏడాది ఎక్కడ పనిచేశారో వరసగా కంప్యూటర్‌లోకి ఎక్కించారు. కొందరి పేర్ల పక్కన చర్చి పేరుకు బదులు అనారోగ్య సెలవు అనో, పోస్టింగ్ కోసం ఎదురుచూస్తున్నారనో ఉంది. ఒక్క ఏడాదిదే చూస్తే అందులో వింతేమీ కనిపించదు. ఏళ్ల తరబడి డైరెక్టరీలు పక్కపక్కన పెట్టినప్పుడే ఫిర్యాదు వచ్చినవాళ్లను చర్చి ఎలా పక్కకు తప్పించి, మళ్లీ ఇంకో చోటికి పంపిందో బయటపడింది. 2002 జనవరిలో కథనాలు మొదలయ్యాయి, డిసెంబరుకల్లా బోస్టన్ చర్చి పెద్ద అయిన కార్డినల్ రాజీనామా చేశాడు. ఆ డైరెక్టరీలు రహస్య పత్రాలు కావు. ఎవరైనా తెరిచి చూడొచ్చు.

ఇంటర్నెట్ వచ్చాక కాగితాలు గుట్టలయ్యాయి. విదేశాల్లో గుట్టుగా పెట్టిన కంపెనీల గురించి పనామాలోని ఒక న్యాయ సంస్థ నుంచి లీకైన పత్రాలు, 2016 నాటి పనామా పేపర్స్‌లో దాదాపు 1.15 కోట్ల ఫైళ్లు. ఒక జర్మన్ పత్రికకు అందిన ఆ సమాచారాన్ని వందకు పైగా మీడియా సంస్థలు పంచుకుని, సుమారు ఏడాది పాటు నోరు మెదపకుండా పనిచేశాయి. ఎవరికి వాళ్లు బ్రేకింగ్ కోసం పరిగెత్తే రోజుల్లో అంతమంది ఒకే తేదీ వరకు ఆగడం నాకు ఇప్పటికీ అబ్బురమే. కథనాలు వచ్చిన కొద్ది రోజులకే ఐస్‌లాండ్ ప్రధాని పదవి నుంచి దిగిపోయాడు.

నీ కథనం దగ్గరికి వస్తాను. టెండర్లో పాల్గొన్న మూడు కంపెనీల చిరునామా ఒకటేనని పట్టుకున్నావు చూడు, అది బాగుంది. కానీ దానికి ఆధారంగా ఒక స్క్రీన్‌షాట్ మాత్రమే పెట్టావు. ఆ పేజీ రేపు మాయమైతే? మారిస్తే? చూసిన రోజే ఆ పేజీని, వెబ్ పేజీలను ఉన్నవి ఉన్నట్టు దాచిపెట్టే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో భద్రం చెయ్యి, అసలు ఫైలును పేరు కూడా మార్చకుండా దించుకో, తేదీ, సమయం రాసిపెట్టుకో. ఏ ఫొటో అయినా, ఏ గొంతు అయినా ఏఐతో నిమిషాల్లో తయారవుతున్న కాలంలో కాగితం ఎక్కణ్నుంచి వచ్చిందో చూపించలేకపోతే నిజం చెప్పినా నమ్మరు.

'కాంట్రాక్టరు స్పందించలేదు' అని రాశావు. ఎప్పుడు అడిగావు? నీ ఉత్తరాన్నిబట్టి, స్టోరీ వెళ్లే రోజు సాయంత్రం ఒకసారి ఫోన్ చేశావు. ఆరోపణలన్నీ విడివిడిగా రాసి, ఆధారాలేమిటో చెప్పి, జవాబుకు తగినన్ని రోజులు ఇవ్వాలి. అతని జవాబులో మనకు తెలియని సంగతి ఉండొచ్చు. ఆ మూడు కంపెనీలకూ పన్ను లెక్కలు చూసే ఆఫీసు చిరునామా అది అయితే నీ కథనం అక్కడితో కూలిపోతుంది. అది అచ్చయ్యాక తెలిసే కంటే ముందే తెలియడం మంచిది కదా.

కేసుల గురించి టెన్షన్ పడుతున్నావు. ఆ భయం అర్థం లేనిది కాదు. మాల్టాలో సొంత బ్లాగులో అధికార అవినీతిని బయటపెట్టిన డాఫ్నీ కరువానా గలీజియాను 2017 అక్టోబరులో కారు బాంబుతో చంపారు. అప్పటికే ఆమెపై 40కి పైగా పరువు నష్టం కేసులున్నాయి. ఆమె తర్వాత పలు దేశాల విలేకరులు కలిసి ఆమె పరిశోధనను అందుకుని కొనసాగించారు. నోరు నొక్కడానికి వేసే ఇలాంటి దావాలను అడ్డుకునేందుకు యూరోపియన్ యూనియన్ 2024లో నిబంధనలు తెచ్చింది. అందుకే ఒంటరిగా పనిచేయొద్దంటున్నాను. నీ దగ్గరున్న పత్రాల కాపీ నమ్మకమైన ఇంకొకరి దగ్గర ఉండాలి, ప్రచురణకు ముందు లాయరు చదవాలి. వెబ్‌సైటు చిన్నదైనా సరే, ఈ రెండింటికీ ఒప్పుకోని చోట ఇలాంటి స్టోరీ ఇవ్వకు.

క్లిక్కుల సంఖ్య రోజూ చూసుకోవద్దు. నీ కథనాన్ని ఆ శాఖలో పనిచేసే గుమాస్తా ఒక్కడు చదివి, ఇంకో ఫైలు సంగతి చెప్పడానికి ఫోన్ చేయొచ్చు. ఆ ఫోన్ కోసం నీ నంబరో, మెయిలో కథనం కింద ఉండాలి. ఇప్పుడు పంపిన దాంట్లో లేదు.

టెండర్ల మీద రాసిన పేరాలు తిరగరాసి, ఒక్కో వాక్యం పక్కన దాని ఆధారం ఏ ఫైల్లో ఏ పేజీలో ఉందో వేసి పంపు. కాంట్రాక్టరుకు పంపబోయే ప్రశ్నలు కూడా నాకు ఒకసారి చూపించు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య