ఆటోఫజీ మీద రీసెర్చ్ అంటే ఇమ్యునాలజీనా, సెల్ బయాలజీనా?

బీఎస్సీ ఫైనల్ ఇయర్ అమ్మాయి ఒకరు అడిగింది ఇది: కాలేజీలో ఆటోఫజీ మీద సెమినార్ ఇచ్చాను, బాగా నచ్చింది, ఎంఎస్సీలో ఇమ్యునాలజీ తీసుకోనా సెల్ బయాలజీ తీసుకోనా, ఇంట్లో వాళ్లేమో "కణం లోపల చెత్త ఊడ్చే టాపిక్‌తో ఉద్యోగం ఏమొస్తుంది" అంటున్నారు.

ఇమ్యునాలజీ తీసుకో అమ్మా. ఆటోఫజీ అంటే కణం తన పాడైన భాగాల్ని పొరలో చుట్టి, లైసోజోమ్ అనే అరుగుదల సంచిలో అరిగించి, ముడిసరుకు మళ్లీ వాడుకోవడం కదా, ఈ మెషినరీ జీన్స్ చాలావరకు జపాన్ శాస్త్రవేత్త ఓసుమి గారు 1990ల్లోనే ఈస్ట్‌లో పట్టేశారు, 2016లో నోబెల్ కూడా వచ్చింది. అక్కడ పని అయిపోయిందని కాదు గానీ, ఏ కణంలో ఎప్పుడు ఎంత జరగాలి అన్న ప్రశ్నలు మాత్రం ఒంటిని రోగాల నుంచి కాపాడే ఇమ్యూన్ సెల్స్‌లో ఇంకా బోలెడున్నాయి.

సూక్ష్మక్రిముల్ని మింగేసే ఇమ్యూన్ సెల్ మాక్రోఫేజ్‌నే తీసుకో. అందులో దెబ్బతిన్న మైటోకాండ్రియాని (కణానికి శక్తినిచ్చే భాగాల్ని) టైమ్‌కి తీసెయ్యకపోతే వాటి నుంచి రియాక్టివ్ ఆక్సిజన్, మైటోకాండ్రియా డీఎన్‌ఏ బయటికొచ్చి ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 ఇన్‌ఫ్లమసోమ్ అనే ప్రమాద హెచ్చరిక ప్రొటీన్ల గుంపుని లేపుతాయి, అది కాస్పేజ్-1 అనే ఎంజైమ్‌ని ఆన్ చేస్తుంది, వాపు సిగ్నల్ ఇచ్చే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా బయటికొస్తుంది, ఇక వాపు మొదలు. ఏటీజీ16ఎల్1 అనే జీన్‌లో ఒక మార్పుకి పేగుల్లో వాపు తెచ్చే క్రోన్స్ జబ్బుతో లింక్ ఉందని 2007లో తేలింది, మరుసటి ఏడాదే ఆ ప్రొటీన్ లేని ఎలుక మాక్రోఫేజ్‌లకి బాక్టీరియా పైపొరలో ఉండే ఎల్‌పీఎస్ అనే పదార్థం తగిలిస్తే ఇంటర్‌ల్యూకిన్-1 బీటా బాగా ఎక్కువ వదిలాయని చూపించారు. ఈ రెండు పేపర్లూ పక్కపక్కన పెట్టుకుని చదువు, సెమినార్ స్లైడ్స్ కంటే చాలా నేర్పిస్తాయి.

అలాగని "ఆటోఫజీ పెంచితే అంతా మంచే" అనే వీడియోలు నమ్మకు. మాక్రోఫేజ్‌లో దాక్కున్న టీబీ బాక్టీరియాని అణచడానికి ఇది పనికొస్తుంది నిజమే, పాత ఇన్ఫెక్షన్‌ని గుర్తుపెట్టుకునే మెమరీ టీ సెల్స్ బతకడానికీ కావాలి, కానీ కొన్ని క్యాన్సర్ కణాలు కూడా దీన్నే ఆసరా చేసుకుని బతికేస్తాయి.

ఇంకోటి, ఇంటర్వ్యూల్లో దొరికిపోయే చోటు. ఆటోఫజీ పొరకి అతుక్కునే ఎల్‌సీ3 అనే ప్రొటీన్‌ని వెస్టర్న్ బ్లాట్‌లో (ప్రొటీన్ ఎంతుందో బ్యాండ్లుగా చూపించే టెస్ట్‌లో) చూస్తే రెండు బ్యాండ్లు వస్తాయి, కిందది లిపిడ్ (కొవ్వు) అతుక్కున్న రకం. అది చిక్కగా కనపడగానే "ఆటోఫజీ పెరిగింది" అనేస్తారు చాలామంది. తయారీ పెరిగినా చిక్కబడుతుంది, లైసోజోమ్‌లో అరుగుదల ఆగిపోయినా చిక్కబడుతుంది, మరి ఏదని చెప్తావ్? అందుకే బాఫిలోమైసిన్ అనే మందుతో అరుగుదల ఆపిన శాంపిల్, ఆపని శాంపిల్ రెండూ నడిపి తేడా చూడాలి, ఆటోఫజీలో తానూ అరిగిపోయే పీ62 అనే ప్రొటీన్ కూడా చూడాలి. ఇలా కొలిచే అసలు అరుగుదల వేగాన్నే ఫ్లక్స్ అంటారు. నువ్వు చేరబోయే ల్యాబ్ పేపర్లలో ఇది ఉందో లేదో చూసుకో, లేకపోతే నాకైతే డౌటే.

ఇంట్లో వాళ్లకి చెప్పాల్సింది టాపిక్ గురించి కాదు, పని గురించి. ఫ్లో సైటోమెట్రీ (కణాల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే పద్ధతి), సెల్ కల్చర్, కాన్ఫోకల్ మైక్రోస్కోప్, కాస్త ఆర్ గానీ పైథాన్ గానీ ప్రోగ్రామింగ్ వస్తే ఫార్మా, బయోటెక్, డయాగ్నోస్టిక్స్ ఎక్కడికైనా వెళ్లొచ్చు. సొంతంగా రీసెర్చ్ ల్యాబ్ నడపాలంటే మాత్రం పీహెచ్‌డీ తప్పదు, దానికి ఏళ్లు పడతాయి, అది ముందే చెప్పెయ్.

ప్రాజెక్ట్ కోసం మెయిల్ పెట్టేటప్పుడు "ఆటోఫజీ అంటే చాలా ఇంట్రెస్ట్" అని రాయకు, అందరూ అదే రాస్తారు. వాళ్ల పేపర్లో ఒక ఫిగర్ పట్టుకుని, అందులో నీకు అర్థం కాని ఒక్క కంట్రోల్ (పోలిక కోసం పెట్టే శాంపిల్) గురించి అడుగు.