కేబుల్ తెగినా కెమెరా ఆపొద్దు

పాపా,

ఎర్రగుంట్ల దగ్గర సున్నపురాయి గనిలో బ్లాస్టింగ్‌ను హైస్పీడ్ కెమెరాతో తీసే పని నీకు అప్పగించారని మీ నాయన ఫోన్ చేసి చెప్పినాడు. మన ఇంటి ఆడపిల్ల గనిలో నిలబడి పేలుడును మిల్లీసెకన్ల లెక్కన కొలుస్తుందంటే నాకెంత గర్వంగా ఉందో రాయడం చేతకావడం లేదు. ఆ రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు. నీ చదువు మీద నమ్మకం లేక కాదు. స్క్రీన్ మీద కెమెరా కనిపించకుండా పోయిన నిమిషంలో మనుషులు ఏం చేస్తారో చూసినవాణ్ని.

బ్యాటరీలు, గొడుగు, నీళ్లు నీకు చెప్పక్కర్లేదు. మే నెల ఎండలో లాప్‌టాప్‌ను నీడలో పెట్టు, అంతే.

కెమెరా లాప్‌టాప్‌కు నెట్‌వర్క్ కేబుల్‌తో కలిసి ఉంటుంది కదా, సాఫ్ట్‌వేర్‌కు కెమెరా దొరకకపోతే కెమెరా పాడైందని అనుకోవద్దు. ముందు పింగ్ కొట్టు, అంటే లాప్‌టాప్ నుంచి కెమెరాను "ఉన్నావా" అని పలకరించే కమాండ్. జవాబు వస్తే కేబుల్ బాగుంది, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో పరికరానికి ఇచ్చే నంబరు) బాగుంది. అడ్డం పడేది ఫైర్‌వాలో, యాంటీవైరసో, సాఫ్ట్‌వేర్‌కూ కెమెరా లోపల నడిచే ప్రోగ్రామ్‌కూ (ఫర్మ్‌వేర్) వెర్షన్ కుదరకపోవడమో. జవాబు రాకపోతే లాప్‌టాప్ ఐపీ అడ్రస్ చూడు. 169.254తో మొదలైతే దానికి ఎవరూ అడ్రస్ ఇవ్వలేదని అర్థం, నువ్వే చేత్తో ఇవ్వాలి. కెమెరా 192.168.0.10 అయితే లాప్‌టాప్‌కు 192.168.0.1, మాస్క్ 255.255.255.0. వైఫై ఆపెయ్. వైఫై కూడా అవే అంకెల్లో ఉంటే లాప్‌టాప్ కెమెరాను ఆ దారిలో వెతకొచ్చు. కంపెనీ లాప్‌టాప్ అయితే ఈ సెట్టింగులు మార్చే అడ్మిన్ పాస్‌వర్డ్ ముందే అడిగి తీసుకో. గనిలో నిలబడి ఐటీ వాళ్లకు ఫోన్ చేస్తే ఎత్తరు.

కేబుల్ మీద నాకు అనుమానం ఎక్కువ. డంపర్ టైరు ఒక్కసారి ఎక్కితే చాలు, పైకి ఏమీ కనబడదు, లోపల ఒక జత తీగ తెగి ఉంటుంది. గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి, 100 మెగాబిట్‌కు రెండు చాలు. తెగింది ఆ రెండింటిలోది కాకపోతే చాలాసార్లు లింక్ చావదు, వేగం పడిపోతుంది. 16 జీబీ క్లిప్ గిగాబిట్‌లో రెండు నిమిషాల పైచిలుకులో దిగాల్సింది, ఇరవై నిమిషాలు దాటుతుంది. "సాఫ్ట్‌వేర్ స్లో అయింది" అని నువ్వు దాన్ని తిట్టుకుంటూ కూర్చుంటావు. లింక్ స్పీడ్ ఎంత చూపిస్తోందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఇంకొకటి, రాగి కేబుల్‌ను 100 మీటర్లకు మించి నమ్మలేం. బ్లాస్ట్ అప్పుడు మీరు తలదాచుకునే షెల్టర్ కెమెరాకు అంతకంటే దూరంలో ఉంటే ఫైబర్ కేబుల్ వేయించు, బతిమాలైనా సరే.

ఇక నేను ఈ ఉత్తరం రాస్తున్న అసలు విషయం. చాలా ఏళ్ల కిందట మా జట్టులో ఒక పిల్లవాడు ఉండేవాడు, చురుకైనవాడు. ఒక గనిలో పెద్ద బ్లాస్ట్. అందులో ఒక రాయి గని హద్దు దాటి చేలల్లోకి ఎగిరిపోయింది. దేవుడి దయ వల్ల అక్కడ ఎవరూ లేరు. ఆ రాయి మందు నింపిన ఏ రంధ్రం నుంచి లేచిందో చెప్పగలిగింది మా కెమెరా ఒక్కటే. అందరూ లాప్‌టాప్ చుట్టూ మూగినారు. సరిగ్గా అప్పుడే "కెమెరా కనెక్ట్ కాలేదు" అని వచ్చింది. లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. కరెంటు ఆదా చేయాలని విండోస్ తనంతట తానే కేబుల్ తగిలించే లాన్ పోర్టును ఆపేసింది. మాకు అది తర్వాత తెలిసింది. వెనక నుంచి పెద్దవాళ్లు "ఏమైంది, ఏమైంది" అంటున్నారు. కెమెరా పవర్ స్విచ్ షెల్టర్‌లోనే ఉంది. ఆ టెన్షన్‌లో ఆ పిల్లవాడు ఫోన్ హ్యాంగ్ అయితే చేసినట్టే చేసినాడు: స్విచ్ ఆపి, పది లెక్కపెట్టి, మళ్లీ వేసినాడు.

కెమెరా వచ్చింది. మెమొరీ ఖాళీ.

అలాంటి కెమెరాల్లో దృశ్యం ముందు కెమెరా ర్యామ్‌లో పడుతుంది. నువ్వు సేవ్ చేసేదాకా అక్కడే ఉంటుంది, పవర్ పోతే పోతుంది. నెట్‌వర్క్ అనేది దాన్ని చూసే కిటికీ మాత్రమే. కిటికీ మూసుకుపోయిందని ఇల్లు కూల్చినట్టయింది ఆ రోజు. ఆ రాయి ఎక్కడి నుంచి లేచిందో ఎవరికీ తెలియలేదు. ఆ పిల్లవాణ్ని అందరూ తిట్టినారు కానీ, అంతకుముందు ఆ మాట అతనికి చెప్పినవాళ్లు ఒక్కరూ లేరు. నీకు నేను చెబుతున్నాను. లింక్ పోతే కేబుల్ మార్చు, లాప్‌టాప్ రీస్టార్ట్ చెయ్, వేరే లాప్‌టాప్ తగిలించు. కెమెరా పవర్ జోలికి పోవద్దు. మళ్లీ రికార్డ్ కూడా నొక్కొద్దు, పాతదాని మీద కొత్తది పడుతుంది. కొన్ని మోడళ్లలో మెమొరీని కాపాడే బ్యాటరీ ఉంటుంది, నీ దాంట్లో ఉందో లేదో మాన్యువల్ చూసుకో. పవర్ సేవింగ్ సెట్టింగులు ఇంట్లోనే తీసెయ్.

సెకనుకు ఎక్కువ ఫ్రేములు (బొమ్మలు) తీయాలని ఆశ పడొద్దు. 1280×800లో ఎనిమిది బిట్ల ఫ్రేము దాదాపు ఒక ఎంబీ. సెకనుకు 10,000 తీస్తే 16 జీబీ సెకనున్నరలో నిండిపోతుంది. ఒక రంధ్రం పేలాక ఇంకోటి పేలడానికి మధ్య 25 మిల్లీసెకన్ల డిలే ఉన్న బ్లాస్ట్‌కు సెకనుకు 1,000 చాలు.

ఇప్పుడు నా భయం చెబుతాను, కోప్పడకు. చిన్నప్పుడు కరెంటు పోతే ఎవరూ చెప్పకముందే చీకట్లో మీటరు బోర్డు దగ్గరికి పరిగెత్తేదానివి. మీ అమ్మ వెనకాల అరుస్తూ వచ్చేది. ఆ గుణం నాకిష్టం, కానీ గనిలో వద్దు. సైరన్ మోగాక లింక్ పోతే షెల్టర్ దాటి ఒక్క అడుగు వేయొద్దు. రికార్డింగ్ ముందే మొదలుపెట్టి, ట్రిగర్‌కు (పేలుడు క్షణాన్ని కెమెరాకు చెప్పే సంకేతం) విడిగా వైరు లాగి ఉంచితే నెట్‌వర్క్ లేకపోయినా కెమెరా తన పని తాను చేసుకుంటుంది. బ్లాస్ట్ అయ్యాక కూడా పేలని మందు మిగిలి ఉండొచ్చు. మందు పేల్చే బ్లాస్టర్ వెళ్లి చూసి ఆల్ క్లియర్ ఇచ్చేదాకా కెమెరా అక్కడే ఎండలో ఉండనీ. దాన్ని మళ్లీ కొంటారు. ఎవరైనా పెద్ద సారు "పోయి చూసి రామ్మా" అన్నా పోవద్దు, మా పెదనాయన వద్దన్నాడని చెప్పు.

ఈ ఆదివారం ప్రొద్దుటూరు రా. కెమెరా, లాప్‌టాప్, రెండు కేబుళ్లు తెచ్చుకో. రికార్డింగ్ నడుస్తుండగా నేను కేబుల్ పీకేస్తాను, మళ్లీ లింక్ ఎలా తెస్తావో చూద్దాం. పెద్దమ్మ ఉగ్గాని చేస్తానంది.

మీ పెదనాయన