ఏథెన్స్ చూడటానికి ఎఫ్‌డీ తీసేయాలా?

ప్రశ్న: నేను ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. వయసు 51. ఏళ్ల తరబడి పిల్లలకు ఏథెన్స్ గురించి పాఠం చెబుతున్నాను. ఒక్కసారైనా కళ్లారా చూడాలని కోరిక. ఈ దసరా సెలవులకు ఏథెన్స్, సాంటోరిని ప్యాకేజీ ఇద్దరికీ కలిపి రూ.4.6 లక్షలని ట్రావెల్స్ వాళ్లు చెప్పారు. 14 శాతం వడ్డీకి మూడేళ్ల ఈఎంఐ కూడా ఇప్పిస్తామంటున్నారు. బ్యాంకులో రూ.4 లక్షల ఎఫ్‌డీ తప్ప వేరే పొదుపు లేదు. అమ్మాయి బీటెక్ రెండో ఏడాది. నెలకు రూ.18 వేలు మిగులుతాయి. ఎఫ్‌డీ తీసేయనా, మా ఆవిడ బంగారం తాకట్టు పెట్టనా, ఈఎంఐ తీసుకోనా?

జవాబు: మూడూ వద్దు మాస్టారూ. ఏథెన్స్ మాత్రం వెళ్లండి. ఈ దసరాకు కాదు, వచ్చే సంక్రాంతి దాటాక ఆ పై సంక్రాంతికి.

ముందు ఈఎంఐ సంగతి. రూ.4.6 లక్షలకు 14 శాతం చొప్పున నెలకు దాదాపు రూ.15,700 కట్టాలి. మూడేళ్లలో వడ్డీయే రూ.లక్ష దాటుతుంది. అంటే అమ్మాయి చదువు పూర్తయ్యే దాకా మీ చేతిలో నెలకు రెండు వేల చిల్లరకు మించి ఆడదు. ఇక ఎఫ్‌డీ ఆపద కోసం దాచింది, దాని జోలికి వెళ్లొద్దు. బంగారం గురించి అడిగారు కాబట్టి ఒక మాట. ఏథెన్స్‌లోని ప్రాచీన ఆలయం పార్థినాన్‌లో ఎథీనా దేవత విగ్రహం మీద 40 టాలెంట్ల (అప్పటి తూకం) బంగారం ఉండేదని, దాన్ని ఊడదీసే వీలుందని యుద్ధం ముంచుకొచ్చినప్పుడు నగర నాయకుడు పెరిక్లీస్ ప్రజలకు లెక్క చెప్పినట్టు ఆనాటి చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. నగరాన్ని కాపాడుకోవడానికి వాడుకున్నా తర్వాత అంతా తిరిగి పెట్టాల్సిందేనని కూడా పెరిక్లీస్ అన్నాడట. యుద్ధానికే అన్ని షరతులుంటే విహారయాత్రకు మీ శ్రీమతి ఒప్పుకుంటారంటారా?

మీ ప్యాకేజీలో ఖర్చు పెంచుతున్నది ఏథెన్స్ కాదు. ఒకటి సాంటోరిని, రెండోది సీజన్. మీరు చూడాలనుకున్నది ఏథెన్సే కదా, దీవిని వదిలేయండి. పార్థినాన్ ఉన్న అక్రోపోలిస్ కొండ, అగోరా (ప్రాచీన సంత కూడలి), ప్లాకా (పాత బస్తీ) అన్నీ నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంటాయి. హోటల్ గదికి రాత్రికింత అని ప్రభుత్వం వేసే లెవీ త్రీ స్టార్‌లో ఏప్రిల్ నుంచి అక్టోబర్ దాకా 5 యూరోలు, నవంబర్ నుంచి మార్చి దాకా ఒకటిన్నర. గది అద్దె, విమానం టికెట్ కూడా చలికాలంలో దిగుతాయి. జనవరిలో పగలు తక్కువ, చారిత్రక స్థలాలు త్వరగా మూసేస్తారు, అప్పుడప్పుడూ వాన. అయినా జులైలో ఎండ దెబ్బకు మధ్యాహ్నం అక్రోపోలిస్ గేట్లు మూసేసిన రోజులున్నాయి, దానికన్నా ఇదే నయం.

యూరో రూ.105 అనుకుని ఆరు రాత్రులకు లెక్క వేద్దాం. హైదరాబాద్ నుంచి విమానానికి ఇద్దరికీ రూ.1.3 లక్షలు పక్కన పెట్టండి. షెంగెన్ (యూరప్ దేశాల ఉమ్మడి) వీసా ఫీజు మనిషికి 90 యూరోలు. కనీసం 30 వేల యూరోల కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. సర్వీస్ ఛార్జీలతో కలిపి రూ.30 వేలు అనుకోండి. గది రోజుకు 80 యూరోల చొప్పున లెవీతో రూ.51 వేలు. తిండికి రూ.37 వేలు. అక్రోపోలిస్ టికెట్ 30 యూరోలు, దాని మ్యూజియానికి వేరే టికెట్. అగోరా, నేషనల్ ఆర్కియలాజికల్ మ్యూజియం కలుపుకొని ఇద్దరికీ 200 యూరోలు, అంటే రూ.21 వేలు. విమానాశ్రయం నుంచి ఊరి నడిబొడ్డు సింటాగ్మాకు మెట్రో 9 యూరోలు, ఊళ్లో ఒక్కో టికెట్ 1.20. వీటికి రూ.6 వేలు. మొత్తం రూ.2.75 లక్షలు.

మీకు మిగిలే రూ.18 వేలను ఈ నెల నుంచే ఆర్‌డీలో వేస్తే 18 నెలలకు అసలే రూ.3.24 లక్షలవుతుంది. పైన ఉన్నది యూరో పెరిగినా, టికెట్ ధర ఎగిరినా ఆదుకుంటుంది. ఇంత తక్కువ వ్యవధికి షేర్లు, ఈక్విటీ ఫండ్ల వైపు చూడకండి. వీసా వాళ్లు బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. అప్పు చేసిన సొమ్ము చివరి వారంలో వచ్చి పడితే అనుమానిస్తారు, నెలనెలా పొదుపు కనిపిస్తే ఆ టెన్షన్ ఉండదు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు. విదేశీ ప్రయాణానికి మీ శాఖ అనుమతి పత్రం కూడా కావాలి, దాన్ని ఆఖరి నిమిషం దాకా ఉంచొద్దు.

ప్యాకేజీ మీద ముందే వసూలు చేసే పన్ను, టీసీఎస్, పోయే డబ్బు కాదు, టీడీఎస్‌లాగే రిటర్నులో సర్దుబాటవుతుంది. కాకపోతే అప్పటిదాకా చేతిలోంచి పెట్టుకోవాలి. విమానం, హోటల్ విడివిడిగా మీరే బుక్ చేసుకుంటే ఆ గొడవే లేదు. అక్కడ కార్డు గీకినప్పుడు మెషీన్ మీద ‘రూపాయలా, యూరోలా’ అని వస్తే యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లిష్టం వచ్చిన రేటు కడతారు. చాలా క్రెడిట్ కార్డులు పైన 3 శాతానికి మించి మార్కప్ (అదనపు రుసుము) వేస్తాయి, కాబట్టి ఫారెక్స్ కార్డు తీసుకెళ్లడం మేలు.

చలికాలంలో నెలకో మొదటి ఆదివారం అక్రోపోలిస్ ప్రవేశం ఉచితం. అది మీ సెలవులకు కలవదు, కలిసినా ఆ రోజు జనం ఎక్కువ. జీవితంలో ఒక్కసారి వెళ్లే చోట 30 యూరోల దగ్గర పిసినారితనం వద్దు. పొద్దున మొదటి స్లాట్ ఆన్‌లైన్‌లో కొనండి, రాళ్లు నున్నగా అరిగి జారుతుంటాయి, పట్టున్న బూట్లు వేసుకోండి. పైసా ఖర్చు లేకుండా చూడగలిగేది ఎదుటి గుట్ట మీది నిక్స్. ఏథెన్స్ పౌరులు సభ తీరి ఓటేసింది అక్కడే. వక్తలు నిలబడి మాట్లాడిన రాతి మెట్ల వేదిక ఇంకా ఉంది. దానికి ఒక సాయంత్రం కేటాయించండి.