పిల్లలతో దేశం మారుతున్నారా? మీ ప్రశ్నలకు జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు పసిపిల్లలతో వేరే దేశానికి మకాం మారుస్తున్న వాళ్లవే. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి ఇక్కడ జవాబిస్తున్నాం.

ప్రశ్న: మాకు పదకొండు నెలల పాప, నాలుగేళ్ల బాబు. దారిలో ఒక నగరంలో మూడు రోజులు ఆగి, అక్కడి నుంచి ఇంకో విమానంలో వెళ్లాలనుకుంటున్నాం. టికెట్లు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి?

జవాబు: ఆగడం మంచి ఆలోచనే. పిల్లలకు ఒళ్లు కాస్త తేలికపడుతుంది, మీకూ నిద్ర దొరుకుతుంది. అయితే మకాం మార్చేవాళ్ల దగ్గర మామూలు సెలవు సామాను ఉండదు, పెద్ద పెట్టెలుంటాయి. మధ్యలో ఆగితే వాటన్నిటినీ దింపుకుని మళ్లీ ఎక్కించాలి. విమానాశ్రయంలోనే సామాను భద్రపరిచే గది ఉందో లేదో ముందే కనుక్కుని, మూడు రోజులకు సరిపడా బట్టలు ఒక చిన్న బ్యాగులో విడిగా సర్దండి. ఆ దేశానికి పిల్లలకు కూడా వీసా కావాలా అన్నది టికెట్ కొనకముందే తేల్చుకోండి.

రెండు విమానాలనూ వేర్వేరు టికెట్లుగా కొంటే మొదటిది ఆలస్యమై రెండోది తప్పిపోయినప్పుడు ఆ నష్టం మీదే. రెండూ ఒకే బుకింగ్‌లో ఉంటే తర్వాతి విమానంలో చోటు చూడాల్సిన బాధ్యత ఎయిర్‌లైన్స్‌ది. ఆగకుండా విమానం మాత్రమే మారేవాళ్లు కనీసం మూడు గంటల వ్యవధి పెట్టుకోండి. పసిబిడ్డతో రెండు గంటలు చాలవు. డైపర్ మార్చడం, మళ్లీ సెక్యూరిటీ తనిఖీ, దూరంగా ఉన్న గేటు, వీటితోనే ఆ రెండు గంటలూ అయిపోతాయి.

రెండేళ్లు నిండని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఈ వయసును ప్రతి విమానం బయలుదేరే తేదీకి లెక్కిస్తారు. మధ్యలో ఆగిన రోజుల్లో పుట్టినరోజు వచ్చి రెండేళ్లు నిండితే మిగతా ప్రయాణానికి సీటు కొనాలి. ముందు గోడకు బిగించే ఊయలతొట్టి, అదే బ్యాసినెట్, కావాలంటే బుకింగ్ అయిన వెంటనే ఫోన్ చేసి అడగండి. బరువు పరిమితి ఎయిర్‌లైన్స్‌ను బట్టి మారుతుంది. మీ పాప వయసుకు ఆ పరిమితి దాటే అవకాశం ఉంది కాబట్టి బరువు తూచి చెప్పండి. సీటు బెల్టు దీపం వెలిగిన ప్రతిసారీ, నిద్రపోతున్నా సరే, బిడ్డను అందులోంచి తీసి ఒళ్లోకి తీసుకోవాలి. బ్యాసినెట్ ఉన్న వరుసలో సీటు పక్కన చేతులు ఆనించుకునే పట్టీలు పైకి లేవవు, విమానం ఎగిరేటప్పుడూ దిగేటప్పుడూ కాళ్ల దగ్గర సంచి పెట్టుకోనివ్వరు. డైపర్లు, పాల సీసాలు అప్పుడు పై అరలో ఉంటాయి, అందుకే ఒక డైపర్, ఒక సీసా ముందే చేతిలో ఉంచుకోవాలి.

ప్రశ్న: విమానం దిగేటప్పుడు పిల్లలు చెవులు పట్టుకుని ఏడుస్తారు. నిద్రమందు వేస్తే తప్పా?

జవాబు: వేయకండి. నిద్ర తెప్పించే జలుబు మందులు కొందరు పిల్లల్లో ఎదురు తిరిగి చిరాకును, ఉద్రేకాన్ని పెంచుతాయి, పసివాళ్లలో ఊపిరికే ముప్పు తేవచ్చు. పైగా నిద్రలో పిల్లలు తక్కువసార్లు మింగుతారు, చెవినొప్పికి కారణమే అది. దిగేటప్పుడు క్యాబిన్‌లో గాలి ఒత్తిడి పెరుగుతుంది. చెవిని గొంతుతో కలిపే గొట్టం తెరుచుకుంటేనే లోపలి ఒత్తిడి దానితో సమానమవుతుంది. పిల్లల్లో ఆ గొట్టం సన్నగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. మింగినప్పుడు, ఆవలించినప్పుడు తెరుచుకుంటుంది.

దిగడం మొదలయ్యేది నేలను తాకడానికి సుమారు అరగంట ముందు. పాలు అప్పుడు పట్టాలి. ఎగిరేటప్పుడు నొప్పి తక్కువ. అక్కడే కడుపు నింపేస్తే, అవసరమైనప్పుడు బిడ్డ సీసా ముట్టదు. నిద్రపోతుంటే లేపండి, తల ఎత్తి పట్టుకుని పట్టండి. నాలుగేళ్ల బాబుకు స్ట్రాతో నీళ్లు, ఆవలింతల ఆట చాలు. గట్టి చాక్లెట్లు ఈ వయసులో గొంతుకు అడ్డం పడతాయి. జలుబు, చెవిపోటు ఉంటే ప్రయాణానికి ముందే డాక్టరుకు చూపించండి.

డబ్బా పాలు తాగే బిడ్డైతే ఒక్కో పూటకు పొడిని కొలిచి చిన్న డబ్బాల్లో విడివిడిగా పెట్టండి. ప్రయాణ సమయానికి అవసరమైన పూటలు లెక్కేసి, దానికి సగం అదనంగా పెట్టుకోండి. నీళ్లు 70 డిగ్రీలకు తగ్గకుండా పోసి కలిపి, చల్లార్చి పట్టాలి. కలిపిన పాలను రెండు గంటల తర్వాత పారబోయాలి. ద్రవాలకు 100 మి.లీ. పరిమితి ఉన్న చోట కూడా పసిబిడ్డ పాలకు సాధారణంగా మినహాయింపు ఇస్తారు, వాటిని విడిగా తీసి చూపించండి. పవర్ బ్యాంకులు చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, 100 వాట్-అవర్లలోపువి వెంట ఉంచుకోవాలి. మీది ఎంతో తెలియాలంటే దాని మీద రాసి ఉన్న మిల్లీ యాంపియర్-అవర్లను (mAh) 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 ఉన్నదానికి 74 వస్తుంది.

ప్రశ్న: మేం వెళ్లే చోటు ఇక్కడికంటే ఎనిమిది గంటలు ముందుంటుంది. పిల్లలు రాత్రంతా మేలుకుంటారని అందరూ భయపెడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: తూర్పుకు వెళ్లేటప్పుడు కష్టం ఎక్కువే. శరీరంలోని గడియారం రోజుకు దాదాపు గంట చొప్పునే జరుగుతుంది, కాబట్టి వారం రోజులు ఓపిక పట్టక తప్పదు. ఈ వారంలో ముఖ్యమైనది వెలుగు. అది ఏ వేళ పడుతుందనే విషయంలోనే చాలామంది పొరపడతారు.

పిల్లలు మామూలుగా ఆరింటికి లేస్తారనుకుందాం. దానికి రెండు గంటల ముందు, నాలుగింటి ప్రాంతంలో, శరీరం బాగా చల్లబడి ఉంటుంది. ఆ తర్వాత కళ్ల మీద పడిన వెలుగు గడియారాన్ని ముందుకు జరుపుతుంది, అంతకుముందు పడిన వెలుగు వెనక్కి నెడుతుంది. పాత ఊరి నాలుగంటే కొత్త చోట మధ్యాహ్నం పన్నెండు. అంటే తొలిరోజు ఉదయాన్నే పిల్లల్ని ఎండలో తిప్పితే నిద్ర ఇంకా వెనక్కి పోతుంది! ఆ పూట కర్టెన్లు వేసి ఉంచండి, పదకొండు దాకా పడుకున్నా పర్వాలేదు, ఒంటిగంట మాత్రం దాటనివ్వకండి. పన్నెండు తర్వాత ఆరుబయట ఆడించండి. రెండో రోజు పదకొండు నుంచి, మూడో రోజు పది నుంచి, ఇలా గంట చొప్పున ముందుకు జరపండి. మధ్యాహ్నం కునుకు గంటకు మించకూడదు.

రాత్రి లేస్తే నిజంగానే ఆకలి వేసి లేస్తారు, కడుపు ఇంకా పాత వేళల్లోనే ఉంటుంది. మసక వెలుతురులో కొంచెం తినిపించి, ఫోన్, టీవీ పెట్టకుండా పడుకోబెట్టండి. బయలుదేరే ముందు నాలుగైదు రోజులు నిద్రవేళను రోజుకు అరగంట చొప్పున ముందుకు జరిపితే మరీ మంచిది. మూడు నెలలలోపు పసికందుకు ఈ లెక్కలేవీ అక్కర్లేదు, అడిగినప్పుడు పాలిస్తే చాలు. నిద్ర కోసం వాడే మెలటోనిన్ అనే హార్మోన్ మందును డాక్టరు చెప్పకుండా ఇవ్వొద్దు.

ప్రశ్న: కాగితాలు, టీకాల సంగతి చెప్పండి.

జవాబు: పాస్‌పోర్టుకు ఇంకా ఆరు నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి. పిల్లల పాస్‌పోర్టు గడువు పెద్దలదానికంటే తక్కువ ఉండటం మామూలు, ముందు దాన్నే చూడండి. జనన ధ్రువపత్రానికి, రెండు దేశాలూ 1961 నాటి హేగ్ ఒప్పందంలో ఉంటే అపోస్టిల్ ముద్ర, అంటే పత్రం అసలైనదేనని దాన్ని ఇచ్చిన దేశం వేసే ధ్రువీకరణ, సరిపోతుంది. లేకపోతే రాయబార కార్యాలయం దాకా వెళ్లాలి. తల్లిదండ్రుల్లో ఒకరే పిల్లలతో వెళ్తుంటే రెండోవారి సమ్మతి పత్రాన్ని నోటరీ చేయించి, ప్రయాణ తేదీలతో వెంట ఉంచుకోండి.

టీకాల కార్డులో బ్రాండు పేరుతో పాటు టీకా అసలు పేరు, నెలను అక్షరాల్లో రాయించండి. 05/04 అని ఉంటే ఒక దేశంలో ఏప్రిల్, ఇంకో దేశంలో మే అని చదువుతారు, బడిలో చేర్చేటప్పుడు తంటాలు వస్తాయి. పసుపు జ్వరం (ఎల్లో ఫీవర్) టీకా సర్టిఫికెట్ అడిగే దేశాలున్నాయి. ఆ టీకా సాధారణంగా తొమ్మిది నెలలు నిండాక వేస్తారు, పది రోజుల తర్వాతే సర్టిఫికెట్ చెల్లుతుంది. తట్టు టీకాను ప్రయాణం కోసం ఆరు నుంచి పదకొండు నెలల మధ్య ముందే వేస్తే, అది మామూలు డోసుల లెక్కలోకి రాదు, ఏడాది దాటాక మళ్లీ వేయించాలి.

ప్రశ్న: ఓడలో పంపే సామానులో పిల్లల వస్తువులు పెట్టేయవచ్చా?

జవాబు: ఓడ సామాను వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మందులు, అసలు కాగితాలు, రెండు వారాల బట్టలు, రోజూ పక్కలో పెట్టుకునే బొమ్మ, దుప్పటి మీ వెంటే ఉండాలి. కార్ సీటు పంపే ముందు ఆ దేశపు భద్రతా ప్రమాణం కనుక్కోండి, ఒక చోటి ముద్ర ఇంకోచోట చెల్లకపోవచ్చు. ఛార్జర్ మీద 100–240 వోల్టులు అని ఉంటే ప్లగ్ మార్చుకుంటే సరిపోతుంది. సీసాలు వేడిచేసే యంత్రాలు చాలావరకు ఒకే వోల్టేజికి చేసినవి, అడాప్టర్ వోల్టేజిని మార్చదు కాబట్టి వాటిని వదిలేయండి. పెట్టెలు మూసేముందు లోపలి వస్తువులను ఫోటో తీయండి. విమానంలో వేసిన పెట్టె పాడై వస్తే, 1999 మాంట్రియల్ ఒప్పందం వర్తించే ప్రయాణాల్లో ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఆలస్యంగా వస్తే అది మీ చేతికందిన నాటి నుంచి 21 రోజుల గడువు ఉంటుంది.