గుమ్మం గుమ్మానికీ చిన్ని కృష్ణుడు

ప్రశ్న: మా అమ్మాయి న్యూజెర్సీలో ఉంటుంది. అక్టోబరులో తొలిసారి అక్కడికి వెళుతున్నాను. మనవడికి ఇరవై నెలలు. 31వ తేదీన హాలోవీన్ అట, వాడికి వేషం వేసి ఇంటింటికీ తిప్పి మిఠాయిలు తెచ్చుకుంటారట. కృష్ణుడి వేషం కుట్టి తెమ్మంది. కుట్టడం నాకు కష్టం కాదు. దయ్యాల పండుగకు పసివాడిని చీకట్లో తిప్పడం, ముక్కూ మొహం తెలియని వాళ్ల గుమ్మంలో చెయ్యి చాపించడం మాత్రం మనసుకు పట్టడం లేదు. ఆత్రేయపురం పూతరేకులు తీసుకెళ్లి మేమే పంచితే గౌరవంగా ఉంటుందేమో. మీరేమంటారు?
— ఒక అమ్మమ్మ, రాజోలు

జవాబు: అమ్మా, ముందు చెయ్యి చాపడం సంగతి. మీరు నా ఈడు వారైతే దసరా పప్పుబెల్లాలు మరచిపోయి ఉండరు. మా లంక ఊళ్లో పంతులుగారి వెనక, రంగు కాగితాలు అంటించిన విల్లంబులు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి పద్యాలు పాడేవాళ్లం. పంతులుగారికి డబ్బు, మాకు పుట్నాలపప్పూ బెల్లమూ. మునసబుగారి అబ్బాయి కూడా మా వరుసలోనే నిలబడేవాడు. దాన్ని ఎవరైనా ముష్టి అన్నారా? హాలోవీన్ నాడు మిఠాయి ఇచ్చేవాళ్లు కూడా బుట్ట నింపుకుని పిల్లల కోసం ఎదురు చూస్తూ ఉంటారు. ఇక దయ్యాలంటారా, నవంబరు 1న క్రైస్తవులు సకల పునీతుల పండుగ చేసుకుంటారు, దాని ముందు రాత్రి ఇది. ఐర్లాండు నుంచి వలస వెళ్లినవాళ్ల వెంట అమెరికా చేరింది. 2024లో మన దీపావళి కూడా సరిగ్గా ఆ రోజే వచ్చింది.

నన్ను భయపెట్టేది వేరుశెనగ గింజ. అమలాపురంలో పిల్లల వార్డులో నర్సుగా పనిచేసినదాన్ని. గింజ ఊపిరి గొట్టంలోకి జారిన పిల్లలను తల్లులు పరుగున తెచ్చేవారు; పూర్తిగా అడ్డుపడితే బిడ్డకు ఏడుపు కూడా బయటికి రాదు. అందుకే నాలుగేళ్లలోపు వాళ్లకు గట్టి చాక్లెట్లు, పళ్లకు అంటుకునే క్యారమెల్, చూయింగ్ గమ్, పాప్‌కార్న్, పప్పుగింజలు ఉన్నవి పెట్టకూడదు. మీవాడికి ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆ వయసుకు చక్కెర కలిపిన తిండే వద్దని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా. అంటే బుట్టలో పడ్డదంతా అమ్మాయీ అల్లుడూ తినాల్సిందే! వాడి చేతికి బుట్ట ఇవ్వండి, మిఠాయి కాగితం విప్పే పని పెద్దవాళ్లది. తిరుగుతున్నప్పుడు నోట్లో ఏమీ ఉండకూడదు, పుల్ల ఉన్న మిఠాయి అసలే వద్దు.

పూతరేకుల ఆలోచన మానుకోండి. అవెంత కమ్మగా ఉన్నా, కంపెనీ కాగితంలో అంటించి రాని తినుబండారాన్ని అక్కడి తల్లిదండ్రులు పిల్లల చేత తిననివ్వరు. మీరు మోసుకెళ్లిన మర్యాద చెత్తబుట్ట పాలవుతుంది, మీకు కష్టం కలుగుతుంది. పైగా అందులో జీడిపప్పు పడుతుంది, అది పడని పిల్లలుంటారు. అలాంటి పిల్లల కోసమే కొన్ని ఇళ్ల ముందు నీలిపచ్చ రంగు వేసిన గుమ్మడికాయ పెడతారు. ఆ ఇంట్లో తినేవి కాని చిన్న బొమ్మలో, స్టిక్కర్లో కూడా దొరుకుతాయని దాని గుర్తు. అమ్మాయి చేత అలాంటి కాయ ఒకటి పెట్టించండి. పూతరేకులు ఇంట్లో వాళ్లకు చాలు.

ఎన్ని ఇళ్లు తిరగాలని ఎవరూ పందెం కాయలేదు. ఇరవై నెలల వాడికి నాలుగైదు ఇళ్లు చాలు, అవీ తెలిసినవాళ్లవి. ఆ రోజు న్యూజెర్సీలో ఆరు గంటలలోపే పొద్దు గూకుతుంది, కాబట్టి ఐదింటికే బయలుదేరండి. గుమ్మం దీపం వెలుగుతున్న ఇల్లే తట్టాలి. ఆర్పేసి ఉంటే రావద్దని అర్థం. పెద్ద పిల్లలు భయంకరమైన ముసుగులతో గుంపులుగా వచ్చేది చీకటి పడ్డాకే, అప్పటికి మీరు ఇల్లు చేరాలి. మన అమలాపురం దసరాలో చెడీ తాలింఖానా అనే కర్రసాము, కత్తిసాము విన్యాసాలు చూస్తూ కేరింతలు కొట్టే పసివాళ్లున్నారు, డప్పు మోతకే తల్లి కొంగులో దూరేవాళ్లూ ఉన్నారు. మీవాడు ఏ రకమో అప్పటికప్పుడు తేలుతుంది. రెండో ఇంటి దగ్గరే రాగం తీస్తే బతిమాలకండి, ఎత్తుకుని వెనక్కి రండి. మిగిలిన సాయంత్రం మీ గుమ్మంలో కూర్చోబెట్టి, వచ్చిన పిల్లల సంచుల్లో మిఠాయిలు వాడి చేత వేయించండి. ఈ వయసు పిల్లలకు వేసే పని మహా ఇష్టం.

వేషం సంగతికొస్తే, పంచె మడమల మీదకు రాకూడదు, కాళ్లకు చుట్టుకుని పడతాడు. గుమ్మడికాయల్లో కొందరు నిజమైన కొవ్వొత్తి పెడతారు కనుక వేలాడే ఉత్తరీయం వద్దు. అక్కడ ఆ రోజుల్లో చలి ఉంటుంది, లోపల స్వెట్టరు పట్టేలా వదులుగా కుట్టండి. బండార్లంక నేత గుడ్డ అయితే వాడికి గుచ్చుకోదు. ముఖానికి నీలి రంగు పూయాలని ఉబలాటపడకండి. తప్పదంటే రెండు రోజుల ముందు ముంజేతి మీద చుక్క పెట్టి, దద్దురు రాకపోతే అప్పుడు. వీపు మీద వెలుతురుకు మెరిసే టేపు అంటిస్తే కారు నడిపేవాళ్లకు కనిపిస్తాడు.

నెమలి ఈకను మాత్రం పెట్టెలో పెట్టకండి, దాన్ని దేశం దాటించడం నిషేధం. రంగు కాగితంతో చేసుకోండి. రెండు చేయండి, ఒకటి ఎలాగూ వాడు పీకేస్తాడు.